హనుమక్క ముక్త్యారు

1. దుమ్ముకారుకు ముందు

ముక్త్యారుగా, అంటే ఊళ్ళో లేని మనిషి తరఫున సంతకాలు పెట్టేవాడిగా, ఒప్పుకున్న ప్రతి మనిషీ తన సొంత మాటల్లో దినచర్య రాయాలని మా ఊరు కొత్తపెన్నలో రిజిస్ట్రారు ఆఫీసు నియమం. సొంత మాటల్లోనే అన్నారు కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను, ఈ పని నాకు ఇష్టం లేదు. నేను చెనిక్కాయ మడి చూసుకునేవాణ్ణి. నేల లోపల, దీపాల కింద, కొలిచి పోసే నీళ్ళతో పంట తీసేసరికే తల ప్రాణం తోకకొస్తోంది. దానికి తోడు ఇంకొకరి ఆస్తిపాస్తులు కూడానా?

హనుమక్క వినలేదు. ఆమె ఎప్పుడు విన్నది కనుక! మా వీధి మీటింగుల్లో నీళ్ళ వంతు గురించి ఆమెకూ నాకూ జరిగిన పోట్లాటలు వింటూ పెరిగిన ఆడపిల్లలు ఇప్పుడు తల్లులయ్యారు. అలాంటి మనిషి నిన్న వచ్చి నా మడి గట్టు మీద కూర్చుంది. అడక్కుండానే ఒక మొక్క పీకి, పచ్చికాయ ఒలుచుకుని నములుతూ అసలు మాట బయటపెట్టింది.

"కుళ్ళాయప్పా, నేను గుట్ట మీదికి పోతాండా. నా డబ్బు వ్యవహారమంతా నువ్వే చూసుకోవాల."

గుట్ట అంటే మంచుగుట్ట. మా తాతల కాలంలో ఎక్కడో చీకట్లో తిరుగుతున్న ఒక మంచుకొండకు ఇంజన్లు బిగించి ఇటువైపు తిప్పారు. అప్పటినుంచీ అది వస్తూనే ఉంది. మా అంగారకుడి పక్కన దాన్ని ఆపి, ముక్కలు చేసి, మా లోయ మీద కురిపించాలి. అనంతపురం కరువు చూసి చూసి విసిగి, ఇంత దూరం వచ్చి, ఇంతకంటే ఎండిన నేల మీద కాపురం పెట్టిన వాళ్ళ మనవలం మేము. గుట్టలో వాటా లేని ఇల్లు ఊళ్ళో లేదు. పెళ్ళికి బంగారం పెట్టకపోయినా గుట్ట వాటా పెడతారు.

హనుమక్క బండి తోలే మనిషి, అంటే గుట్ట ఇంజన్లు నడిపే మనిషి. చివరి వంతు ఆమెకు పడింది. గుట్ట మీదికి వెళ్ళి, దాని లోపలి గదిలో దీర్ఘనిద్రలో ఉండి, ఆపాల్సిన వేళకు లేచి ఆపాలి. అంతదాకా ఆమె గదికి గాలిపన్ను ఎవరు కట్టాలి, వాటాల సంగతి ఎవరు చూడాలి?

"నీకు తమ్ముడుండాడు గదక్కా" అన్నాను.

"వాడు నేనేం చెప్పినా తలకాయ ఊపుతాడు. అట్లాంటోనికి తాళాలిస్తే ఎవడొచ్చి అడిగినా ఊపుతాడు. నువ్వు నాతోనే కొట్లాడ్తావు. ఇంగ ఎవని మాట వింటావు?"

ఆమె పీకిన మొక్కకు మిగిలిన కాయలు కోసి ఆమె ఒడిలో పోశాను. ఒప్పుకున్నట్టే లెక్క.

ఇవాళ రిజిస్ట్రారు తిప్పేస్వామి ఎదురుగా కూర్చున్నాం. ఇక్కడ ఒకే ప్రశ్న మూడుసార్లు అడుగుతారు. మధ్యలో ఒక్కో టీ తాగాలి, మనసు మారేందుకు వ్యవధి అన్నమాట. "నీ ఇష్టంతోనే రాసిస్తాండావా, ఎవురన్నా బెదిరించినారా?" అని మూడోసారి అడిగేసరికి హనుమక్కకు తిక్క రేగింది. "నన్ను బెదిరించేటోడు ఇంగా పుట్టలేదు, అది కూడా రాసుకో సామీ" అంది. ఆయన నిజంగానే రాసుకున్నాడు.

పత్రం చదివి వినిపించారు. ఆమె ఖాతా, ఆమెకు మూడుచోట్ల ఉన్న వాటాలు, అంటే దీపాల కింద కాయగూరలు పెంచే అరల్లో, సొరంగాల సంఘంలో, గుట్టలో ఉన్నవి, ఆమె తరఫున అమ్మడానికీ కొనడానికీ నాకు అధికారం. ఆమె గది అమ్మడానికి లేదు. ఆమె డబ్బు ఎవరికీ దానం చెయ్యడానికి లేదు. దానివల్ల నాకు ఒక్క పైసా లాభం రాకూడదు. చివర్న ఆమె పట్టుబట్టి రాయించిన వాక్యం ఒకటుంది: నన్ను అడక్కుండా ఏమైనా చెయ్యొచ్చు, నాకు చెప్పకుండా ఏమీ చెయ్యకూడదు.

ఆమె వేలిముద్ర వేసింది. అంతే. గుట్ట పనికీ సొరంగం పనికీ వెళ్ళి, చలిలో వేళ్ళు చచ్చుబడి, ఒక్కతే సంపాదించుకున్నదంతా నా చేతికి వచ్చేసింది.  పోట్లాడే మనిషి మీద ఇంత నమ్మకం ఎలా పెట్టిందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇది రాస్తున్నప్పుడూ అర్థం కాలేదు.

2. ఆమె వెళ్ళిపోయాక

ముక్త్యారు ఇంట్లో పీట వేయాలి. ఈ ఆచారం ఎవరు పెట్టారో గానీ వాళ్ళకు మనిషి బుద్ధి బాగా తెలుసు. సాయంత్రం భోజనానికి కూర్చునేటప్పుడు, ఊళ్ళో లేని ఆ మనిషికి ఒక పీట వేసి, పళ్ళెం పెట్టి, ఆ రోజు వాళ్ళ డబ్బుతో ఏం చేశామో పీటకు చెప్పాలి. పైకే చెప్పాలి. తలుపు తెరిచి ఉంచాలి. వీధిలో ఎవరైనా వచ్చి కూర్చుని, పీట తరఫున అడగవచ్చు.

మా ఇంట్లో అడిగే మనిషి మస్తానమ్మ టీచరు. చిన్నప్పుడు నాకు ఎక్కాలు చెప్పింది. పక్క గదే. రిటైరయ్యాక ఆమెకు ఇదొక్కటే కాలక్షేపం.

"గాలిపన్ను కట్టినాను హనుమక్కా. కాయగూరల అరల మీద వచ్చింది ఖాతాలో వేసినాను. ఇంగేమీ లేదు" అన్నాను పీటతో.

"గాలిపన్ను ముందుగా కట్టేస్తే రవంత తగ్గిస్తారు గదా, ఏంటికి కట్టలేదు?" అంది మస్తానమ్మ.

"నాకు తెలీదు టీచరమ్మా."

"హనుమక్కకు తెలుసు. అందుకే నేను అడుగుతాండా."

మా ఇంటావిడ సుంకులమ్మ సంకటి వడ్డిస్తూ నవ్వు ఆపుకుంది. నాకు ఒళ్ళు మండింది. అయినా మర్నాడే వెళ్ళి ఏడాది పన్ను ముందుగా కట్టేశాను. ఆ సాయంత్రం పీటకు ఆ సంగతి చెబుతుంటే, చిత్రంగా, ఎదురుగా హనుమక్క కూర్చుని "ఇప్పుడు తెలివొచ్చిందా" అన్నట్టే అనిపించింది.

5. గుట్ట కంటికి కనిపించిన రోజు

పైన మెట్టగది ఉంది. నేల మీదికి తేలిన గది అదొక్కటే. దాని అద్దంలోంచి ఆకాశం కనిపిస్తుంది. ఇవాళ వీధివీధంతా అక్కడికి ఎక్కింది. సుంకులమ్మ నా మోచెయ్యి పట్టుకుని "అదిగో, ఆ కొండకొమ్ము పక్కన చూడు" అంది.

మినుకుమనే చుక్క. వెనక సన్నని తెల్లని గీత. అంతే.

మా తాత ఆ చుక్క మీద ఆశ పెట్టుకుని పోయాడు. మా నాయన కూడా పోయాడు. వాళ్ళిద్దరికీ అది లెక్కల్లో మాత్రమే ఉంది. నేను కళ్ళతో చూశాను.   ఆ చుక్కలో ఒక ఆడమనిషి నిద్రపోతోంది, ఆమె నిద్రపోతూ ఉండగా ఆమె తరఫున భూమి కాని ఈ భూమ్మీద సంతకాలు పెట్టేవాణ్ణి నేను. అది తలుచుకునేసరికి అద్దం మీద చెయ్యి ఆనించాను. భయం కాదు. భయమైతే నాకు తెలుసు.

6. దుమ్ముకారు

దుమ్ము రేగే కారు ఏటా వచ్చేదే గానీ ఈసారి దుమ్ము మామూలుగా లేదు. లోయ మొత్తం కప్పేసింది. గాలి శుభ్రం చేసే మరలకు పని పెరిగిందని గాలిపన్ను మీద అదనపు పన్ను వేశారు. నేను ముందుగా కట్టింది దానికి చాలదు. హనుమక్క ఖాతాలో చేతి ఖర్చులకు ఉంచినది అంతకు ముందే తగ్గింది. పన్ను కట్టకపోతే ఆమె గదికి గాలి ఆపేస్తారు, గాలి ఆగితే గది ఇంకొకరికి పోతుంది.

కాయగూరల అరలు అమ్మితే మధ్యలో అమ్మినందుకు కోత పడుతుంది. సొరంగాల వాటాలు అమ్మాలంటే సంఘం మీటింగు దాకా ఆగాలి. గుట్ట వాటాలైతే ఎప్పుడైనా అమ్మొచ్చు. అవే ఆమెకు ఎక్కువగా ఉన్నాయి కూడా. పిడికెడంత అమ్మేసి పన్ను కట్టాను. తెలివైన పనే చేశాననుకున్నాను.

సాయంత్రం పీటకు చెప్పాను. "హనుమక్కా, నీ గుట్ట వాటాలు రవన్ని అమ్మినాను. గాలిపన్నుకు." మస్తానమ్మ మొదట ధర అడిగింది, తర్వాత కారణం అడిగింది, రెండూ బాగానే ఉన్నాయంది. తలుపు దగ్గర ఇద్దరు ముగ్గురు ఆగి విని వెళ్ళారు. రోజూ ఎవరో ఒకరు ఆగుతూనే ఉంటారు కాబట్టి నేను పట్టించుకోలేదు.

7. మర్నాడు

మడికి పోతుంటే గుట్ట సంఘం ఆఫీసు ముందు జనం. లైను మలుపు తిరిగి నీళ్ళ తొట్టి దాకా వచ్చింది. ఏదో పంచుతున్నారేమో అనుకుని నేనూ నిలబడబోయాను.

ముందున్నాయన వెనక్కు తిరిగి, "నీకేమప్పా, నువ్వు నిన్ననే అమ్ముకుంటివి" అన్నాడు. ఆ గొంతులో కోపం ఉంది.

అప్పుడు అర్థమైంది. తలుపు దగ్గర విన్నవాళ్ళు "అమ్మినాడు" దాకానే విన్నారు. గాలిపన్ను మాట వాళ్ళ చెవికి ఎక్కలేదు. గుట్ట మీదే ఉన్న మనిషి తన వాటాలు అమ్మిస్తోందంటే గుట్టకు ఏదో అయ్యే ఉంటుంది, ఆమె ముక్త్యారుకు ఎలాగో కబురు పంపే ఉంటుంది. ఇదీ వాళ్ళ లెక్క. ఆమె నిద్రలో ఉందని అందరికీ తెలుసు. అయినా ఆ లెక్కే నమ్మారు.

పీటలు వేసుకుని నిజం చెప్పుకునే ఊరు కాబట్టే ఇది జరిగింది. గుట్టుగా అమ్మి ఉంటే ఏమీ అయ్యేది కాదు. లైను పొడుగునా నడుస్తూ ఒక్కొక్కరికీ చెప్పాను, అరిచాను, పన్ను రసీదు చూపించాను. "నువ్వట్లే చెప్తావులే" అన్నారు. ఎదుటి మనిషి మాట కంటే ఎదుటి మనిషి డబ్బు ఎటు పోయిందో అదే నిజమని వాళ్ళకు అనిపిస్తోంది. లైన్లో ఉండి ఉంటే నాకూ అదే అనిపించేదేమో.

8. ధర పడుతోంది

సంఘం ప్రెసిడెంటు వన్నూరప్ప మా ఇంటికి వచ్చాడు. పెద్దమనిషి, ఎప్పుడూ ఇస్త్రీ బట్టలు. ఇవాళ నలిగిపోయి ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గుట్టను ఆపేదానికి ఇంధనం ఇక్కడినుంచే పంపాల. డిపోవాళ్ళు మన వాటాల ధర చూసి అరువిస్తారు. ఈ ధరకు అరువియ్యలేమంటాండారు."

"ఇవ్వకపోతే?"

"గుట్ట ఆగదు. మన పక్కనుంచే పోతాది. సూర్యుని దావ పడ్తాది."

"దాని మీద హనుమక్క ఉండాది."

"నిద్రలో ఉండాది" అన్నాడాయన. అదేదో ఓదార్పు అయినట్టు.

మడిలో కూర్చుని మొక్కలకు నీళ్ళు పోశాను. కొలత తప్పి రెండోసారి కూడా పోశాను. జీవితంలో మొదటిసారి నీళ్ళు వృథా చేశాను. పన్ను కట్టిన ఆ చిన్న అమ్మకం, మూడు తరాలు లాక్కొచ్చిన కొండను చేజారుస్తోంది. ఆ కొండ మీది మనిషిని కూడా. పత్రంలో ఆమె డబ్బు మీద నాకు అధికారం ఇచ్చారు గానీ ఆమె ప్రాణం మీద ఇవ్వలేదు. రెండూ ఇలా ముడిపడతాయని ఆ మూడు టీలు తాగినప్పుడు ఎవరికీ తోచలేదు.

ఆమెను అడగడానికి లేదు. లేపాలంటే నెలలు పడుతుంది. ఆలోగా ఇంధనం బయల్దేరాల్సిన రోజు దాటిపోతుంది.

9. నిర్ణయం

జనం నమ్మేది డబ్బు నడిచిన దారినే అయితే, ఆ దారిలోనే చెప్పాలి. హనుమక్కకు ఉన్న మిగతా వాటాలన్నీ అమ్మి, ఊరు వదిలించుకుంటున్న గుట్ట వాటాలన్నీ ఆమె పేర కొనాలి. అలా కొంటే ధర పడటం ఆగుతుంది.

బుద్ధి ఉన్న ముక్త్యారు ఎవడూ చేయని పని ఇది. ఒకరి ఆస్తి మొత్తం తెచ్చి ఒక్కచోట పోయడం! అధికారం ఉంది. చేతులు ఆడలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మాకూ గుట్ట వాటాలున్నాయి. మా తాతవి, మా నాయనవి, సుంకులమ్మ పుట్టింటివాళ్ళు పెట్టినవి. ఆమె డబ్బుతో ధర నిలబెడితే మా వాటాలూ నిలబడతాయి. అంటే ఆమె సొమ్ముతో నేను లాభపడినట్టే. పత్రం ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను, ఆ లైన్లో నన్ను చూసిన చూపులు చూశాక అసలే ఒప్పుకోను.

సుంకులమ్మ చెనిక్కాయలు ఒలుస్తోంది. సంగతంతా చెప్పి, "మన వాటాలు ముందుగా ఎవరికన్నా అమ్మేస్తే సరిపోతాది" అన్నాను.

"ఇప్పుడు మనం కూడా అమ్మితే లైను ఇంగా పెరగదా?"

ఆ మాట నాకు తట్టనే లేదు.

ఆమె ఇంకొన్ని కాయలు ఒలిచింది. "ఆయమ్మకే ఇచ్చేయ్. ఊరికే ఇచ్చేయ్. ఆయమ్మ డబ్బు దానం చెయ్యకూడదని రాసినారు గానీ, ఆయమ్మకు దానం చెయ్యకూడదని రాయలేదు గదా."

"నీ పుట్టింటివి కూడా ఉండాయి."

"ఉండాయిలే. గుట్ట వస్తే నీళ్ళు తాగుతాం. రాకపోతే ఆ వాటాలు నాకేంటికి?" అని, కాసేపాగి, "ఏడుపొస్తాంది, గమ్మునుండు" అంది. ఏడవలేదు. నేనే ముఖం తిప్పుకున్నాను.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెను నేను సరిగా చూడలేదనిపించింది.

ఆ సాయంత్రం పీట వేశాం. గదిలోనే కాదు, వీధి పొడుగునా జనం. తలుపు తీసి ఉంచే అవసరం కూడా లేదు, మూయడానికి చోటేది. నేను హనుమక్కకు చెప్పాను. మొదట నా వల్ల జరిగిన తప్పు చెప్పాను. తర్వాత చేయబోయేది చెప్పాను.

మస్తానమ్మ ఎప్పటికంటే నిటారుగా కూర్చుంది. "హనుమక్క తరఫున అడుగుతాండా. గుట్ట ఆగకపోతే నాకు ఏం మిగుల్తాది?"

"ఏమీ మిగలదు."

"అట్లాంటప్పుడు ఎట్ల కొంటావు?"

"గుట్ట ఆగకపోతే నువ్వే మిగలవు హనుమక్కా" అన్నాను. టీచరుతో కాదు, పీటతోనే అన్నాను. "నువ్వు లేకపోతే నీ కాయగూరల అరలు దాచిపెట్టి ఎవరికియ్యాల?"

 అడగాల్సినది ఇంకొకటి ఉందన్నట్టు మస్తానమ్మ వేలెత్తింది. "నీ వాటాలు?"

"పొద్దున్నే ఆయమ్మ పేర రాయించినాం" అంది సుంకులమ్మ నా వెనకనుంచి.

టీచరు చాలాసేపు నా వైపు చూసింది. చిన్నప్పుడు ఎక్కం తప్పు చెప్పినప్పుడు అలాగే చూసేది. తర్వాత అంది, "అయితే కొను."

కొన్నాను. గుట్టను వదిలినవాళ్ళంతా కాయగూరలకూ సొరంగాలకూ ఎగబడుతున్నారు కాబట్టి హనుమక్క మిగతా వాటాలకు మంచి ధరే వచ్చింది. ఆ డబ్బంతా పట్టుకుని లైను మొదట్లో నిలబడి, వచ్చినవాళ్ళ దగ్గర వచ్చినట్టు కొన్నాను. మర్నాడు మధ్యాహ్నానికి లైను సన్నబడింది. సాయంత్రానికి ఇద్దరు ముగ్గురు మిగిలారు. వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని అమ్మకుండానే ఇళ్ళకు పోయారు. ధర మెల్లగా లేచింది.

డిపోవాళ్ళు అరువిచ్చారు, ఇంధనం అంతరిక్ష పడవలోకెక్కి బయల్దేరింది. ఆ పడవ నిప్పు కక్కుతూ పైకి లేస్తుంటే మెట్టగది అద్దాలు అదిరాయి. ఊరి మూడు తరాల ఆశ ఒక మనిషి డబ్బు మీద ఎక్కి ఆకాశంలోకి పోతోంది. దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరికో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డాను.

14. హనుమక్క లేచింది

గుట్ట ఇప్పుడు చుక్క కాదు. మెట్టగది అద్దంలో అరచేతి వెడల్పున ఉంది. నీలం కలిసిన తెలుపు. దాని మీద నీడలు తిరగడం కనిపిస్తోంది. ఎన్నిసార్లు చూసినా అలవాటు కావడం లేదు.

సంఘం ఆఫీసు రేడియోలో ఆమె గొంతు వినబడింది. నిద్ర బరువు ఇంకా పోలేదు. మనం మాట అంటే అది పోయి జవాబు వచ్చేలోగా ఒక చెనిక్కాయ ఒలుచుకోవచ్చు.

ఆమెతో మాట్లాడే ముందే వన్నూరప్ప నన్ను పక్కకు తీసుకుపోయాడు. "డబ్బు సంగతి ఆపేదాకా చెప్పద్దు కుళ్ళాయప్పా. ఉండేదంతా గుట్టలోనే ఉండాదని తెలిస్తే ఆయమ్మ చెయ్యి వణుకుతాది. బండి తోలే మనిషికి అట్లాంటివి తెలీకూడదు."

అందులో న్యాయం ఉంది. కాదనలేను. అయినా రేడియోలో హనుమక్క వేరే ఏమీ అడక్కుండా, "కుళ్ళాయప్పా, నా డబ్బెట్లుండాది?" అనే అడిగింది.

నాకు చెప్పకుండా ఏమీ చెయ్యకూడదు అని ఆమె రాయించింది. పీటకు రోజూ చెప్పాను గానీ, పీటకు చెవులు లేవు. ఇప్పుడు చెవులున్న మనిషి అడుగుతోంది. మొత్తం చెప్పాను. గాలిపన్ను, లైను, కొనడం. మా వాటాలు ఆమెకు రాసివ్వడం కూడా చెప్పాను, ఎందుకంటే అవి ఇప్పుడు ఆమె సొత్తు.

ఒక చెనిక్కాయ ఒలిచే వ్యవధి అయింది. పిడికెడు ఒలిచే వ్యవధి కూడా అయింది.

"అంతా గుట్టలోనేనా?"

"అంతా."

"సుంకులమ్మకు తెలుసా, మీవి ఇచ్చింది?"

"ఆయమ్మ చెప్పిందే."

 "మంచిపని చేసినావు, చెప్పి" అంది చివరికి. "ఇప్పుడు నేను చెప్తా, విను. గుట్టలో పగులుంది. లేస్తానే చూసినా. నడిమికి ఉంది. ఆపేటప్పుడు ఆ ఊపుకు అవతల సగం విడిపోతాది. విడిపోయి లోయలో యాడ పడ్తాదో చెప్పలేం. మీ నెత్తిన పడినా పడొచ్చు. పడకపోనూ వచ్చు."

వన్నూరప్ప గోడకు ఆనుకున్నాడు.

"ముందే కోసేసి వదిలితే?" అన్నాను.

"వదిలితే దాని దావన అది పోతాది. మల్ల రాదు. సగం పోయినట్టే." ఆమె దగ్గింది. "అందుకే ముందు డబ్బు సంగతి అడిగినా. రేపు నా చెయ్యి వణికితే ఏంటికి వణుకుతాందో నాకు తెలియాల గదా. కోసేదానికి చెయ్యి రాకపోతే, అది గుట్ట మీద ప్రేమా, డబ్బు మీద ప్రేమా? తెలీకుండా తోలకూడదప్పా."

వన్నూరప్ప మైకు అందుకుని, "పగులు నిలబడే దారే లేదా హనుమక్కా? మొత్తం దించితే ఊరికి రెండింతలు..." అని మొదలుపెట్టాడు. బండి తోలే మనిషి మాటే చివరి మాటని సంఘం నియమం. ఆయనకూ తెలుసు. మధ్యలోనే ఆపేశాడు.

"నా వాటాల్లో సగం పోతాది. నాకంటే ఎక్కువ వాటాలు ఇప్పుడు ఎవరికీ లేవు" అంది హనుమక్క. ఆమె గొంతులో నవ్వు వినబడింది, నమ్మలేకపోయాను. "నువ్వేమంటావు ముక్త్యారూ?"

"నువ్వు లేచినాక నాదేముందక్కా. నీది, నీ ఇష్టం."

"కొట్లాడేదానికే గదా నిన్ను పెట్టుకున్నా. కొట్లాడు."

కొట్లాడాలని నిజంగానే ప్రయత్నించాను. మా తాత, మా నాయన, సుంకులమ్మ పుట్టింటివాళ్ళు అందరూ కళ్ళ ముందు నిలబడ్డారు. ఆమెతో కాదనడానికి ఒక్క కారణం దొరకలేదు.

"కోసెయ్" అన్నాను.

15. ఆపిన రోజు

పట్టపగలు. దుమ్ము తేరిపోయి ఆకాశం తేటగా ఉంది. కొత్తపెన్న మొత్తం గాలి సూట్లు వేసుకుని లోయలోకి వచ్చి నిలబడింది. అందరి రేడియోలూ ఒకే దానికి కలిపారు. ఊళ్ళో అందరి ఊపిర్లూ నా చెవిలో వినబడుతున్నాయి.

గుట్ట నడిమిన సన్నని వెలుగు గీత పుట్టింది. కాసేపటికి ఆ గీత పక్కన నలుపు కనిపించింది, అది రెండు గుట్టల మధ్యలో ఉన్న ఆకాశం. అవతలి సగం నిదానంగా పక్కకు జరిగింది. సూర్యుడి వెలుగు దాని కోసిన ముఖం మీద పడి లోయ అంతా తెల్లబడింది. మా ఎర్ర రాళ్ళకు మొదటిసారి రెండు నీడలు పడ్డాయి.

అది వెళ్ళిపోతోంది. హనుమక్క చలిలో సంపాదించిన వాటిలో సగం, మా తాత ఆశలో సగం, ఊరి నీళ్ళలో సగం, అంత వెలుగుతో, అంత నిదానంగా వెళ్ళిపోతోంది. ఏడుపు రావాలి. రాలేదు. అంత గొప్ప వస్తువును ఒక మనిషి చేతులారా వదిలేయడం నేను చూస్తున్నాను. వదిలే చెయ్యి వణకలేదు. ఇంత పెద్ద మనసు ఒక్క మనిషిలో ఎలా పడుతుందో నాకు తెలియలేదు. పక్కన మస్తానమ్మ టీచరు సూట్లోనే రెండు చేతులూ జోడించింది.

తర్వాత మిగిలిన సగం మీద ఇంజన్లు రేగాయి. ఆకాశం మండింది. గుట్ట ఆగింది. మా తాతల కాలంనుంచీ కదులుతున్నది మా నెత్తిన ఆగి నిలబడింది.

16. మొదటి ముక్క

మొదటి ముక్కను పొడి చేసి దించారు. పైన తెల్లని పొగ కనిపించింది, చాలాసేపు అదే. వన్నూరప్ప ఏదో లెక్క చెబుతుంటే సుంకులమ్మ "గమ్మునుండప్పా" అంది ఆయనతో. ప్రెసిడెంటు గమ్మునున్నాడు.

నా సూటు అద్దం మీద ఒకటి వాలింది. తెల్లగా, చిన్నగా. కరగలేదు. ఇంకొకటి వాలింది. తర్వాత లెక్క లేదు. ఎర్ర నేల మీద, రాళ్ళ మీద, మనుషుల భుజాల మీద, ఒక్క చప్పుడూ లేకుండా దిగుతూనే ఉంది. సుంకులమ్మ చేతి తొడుగు చాచి పట్టుకుని, నిండాక నా కళ్ళ దగ్గరకు తెచ్చింది. నీళ్ళు. ఎవరూ కొలవకుండా, ఎవరి వంతూ కాకుండా పడుతున్న నీళ్ళు. పెద్దవాళ్ళంతా నేల మీద కూలబడ్డారు. గుట్ట వాటాలు అమ్ముకున్నవాళ్ళు, అమ్ముకోనివాళ్ళు, నన్ను తిట్టినవాళ్ళు, అందరి మీదా ఒకేలా పడుతోంది.

రేడియోలో హనుమక్క గొంతు వచ్చింది. పైనుంచి ఆమెకు తెల్లని మబ్బు తప్ప ఏమీ కనిపించదు. కురిసేది కింద ఉన్నవాళ్ళకే కనిపిస్తుంది.

"పడ్తాందా?"

"పడ్తాంది."

"ఎట్లుండాది కుళ్ళాయప్పా? చెప్పు."

చెప్పబోయాను. తలెత్తి చూశాను. 

"నువ్వే దిగొచ్చి చూసుకో హనుమక్కా. దీనికి మాత్రం నేను నీ ముక్త్యారుగా ఉండలేను."